నాన్న సంతకం పెట్టారు, అమ్మ ఒప్పుకోవడం లేదు

ప్రశ్న: గుంటూరు జిల్లా నుంచి ఒక సోదరి సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. ఉత్తరం సారాంశం ఇది.

వాళ్ల నాన్నగారికి డెబ్బై నాలుగేళ్లు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. చాలా ఏళ్లుగా షుగరు ఉంది. ఈమధ్య గుండె బలహీనపడింది, ఎడమ పాదం మీద పుండు మానడం లేదు. ఆలోచనలో మాత్రం ఏ తడబాటూ లేదు. రోజూ పేపరు చదువుతారు, ఎవరు వచ్చినా పలకరిస్తారు. కొన్నేళ్ల క్రితం ఆయన దగ్గర్లోని ప్రభుత్వ మెడికల్ కాలేజీకి దేహదానం చేస్తానని అంగీకార పత్రం ఇచ్చారు. ఈ సోదరి, నాన్నగారి స్నేహితుడు ఒకరు సాక్షి సంతకాలు చేశారు. భార్యకూ కొడుక్కూ ఆయన చెప్పలేదు. "టైమొచ్చినప్పుడు నువ్వే చెప్పమ్మా" అన్నారట.

సంక్రాంతి పండక్కి బీరువాలో ఎల్ఐసీ బాండ్ల కోసం వెతుకుతుంటే ఆ కాగితం అమ్మగారి కంటపడింది. అప్పటి నుంచి ఆవిడ భర్తతో ముభావంగా ఉంటున్నారు. "కాశీలో కలపాల్సిన ఎముకలను అద్దాల బీరువాలో పెట్టిస్తావా? కర్మ జరగని మనిషికి గతులుంటాయా?" అని కూతురి దగ్గర ఏడుస్తున్నారు. అమెరికాలో ఉన్న అన్నయ్య హార్వర్డ్ మెడికల్ స్కూల్ మార్చురీ కుంభకోణం వార్త వాట్సాప్‌లో పంపి, "తలకొరివి పెట్టాల్సినవాణ్ణి నేను. నేను రాకుండా, ఒప్పుకోకుండా ఎలా ఇస్తావో చూస్తాను" అన్నాడు. బంధువులేమో కూతురే దగ్గరుండి సంతకం పెట్టించిందని చెప్పుకుంటున్నారు.

నాన్నగారు ఇలా ఎందుకు అనుకున్నారో కూడా రాశారు. సర్వీసులో ఉండగా ఒక ముసలాయన ఆయన నడుపుతున్న బస్సులోనే కన్నుమూశాడు. శవాన్ని ప్రభుత్వాసుపత్రిలో అప్పగించారు. తనవాళ్లంటూ ఎవరూ రాలేదు. తర్వాత వెళ్లి అడిగితే, మెడికల్ కాలేజీకి ఇచ్చేశామన్నారు. "పాపం, ఆయన్నెవరూ అడగలేదు. నన్ను అడిగితే సరేనంటాను" అని నాన్నగారు అప్పుడప్పుడూ అంటుంటారట.

సోదరి అడుగుతున్నది ఇది: "చట్టం ఎవరి మాట వింటుంది? సాక్షి సంతకం పెట్టినందుకు నా మీద కేసేమైనా అవుతుందా? అమ్మ, నాన్న ఇద్దరిలో ఎవరి మాట కాదనాలి? ఎవరితోనూ అనలేని మాట ఇంకొకటుంది. నాన్నను బల్ల మీద పడుకోబెట్టి కోస్తారని తలుచుకుంటే నాకే నిద్ర పట్టడం లేదు. సంతకం పెట్టిన నేనే ఇలా అనుకోవచ్చా?"

సమాధానం:

అమ్మా, ఎవరితోనూ అనలేకపోయానన్నారే, ముందు ఆ మాటే మాట్లాడుకుందాం. మీరు అలా అనుకోవడంలో తప్పు లేదు. తండ్రి మాట మంచిదని ఒప్పుకోవడం వేరు, ఆయన ఒంటి మీద కత్తి పడుతుందంటే తట్టుకోవడం వేరు. రెండోది రాకపోతే మొదటిది అబద్ధమైపోదు. మీ టెన్షన్‌లో సగం అక్కడ ఏం జరుగుతుందో తెలియకపోవడం వల్ల వచ్చింది. కాబట్టి దాచకుండా చెబుతాను. చదవలేననిపిస్తే తర్వాతి పేరా వదిలేసి ముందుకు వెళ్లండి.

కాలేజీకి చేరిన దేహానికి అనాటమీ (శరీర నిర్మాణ శాస్త్రం) విభాగం వాళ్లు తొడ దగ్గరో మెడ దగ్గరో ఉన్న పెద్ద రక్తనాళం ద్వారా ఫార్మలిన్ కలిపిన ద్రావణం ఎక్కిస్తారు. అది ఒళ్లంతా పాకి కుళ్లకుండా కాపాడుతుంది. ఆ తర్వాత నెలల తరబడి భద్రపరుస్తారు. ఎంబీబీఎస్ మొదటి ఏడాది పిల్లలు చుట్టూ నిలబడి ఒక్కో భాగాన్ని వారాల తరబడి నిదానంగా చదువుకుంటారు. చాలా కాలేజీల్లో ముందుగా చేతి భాగాన్ని తీసుకుంటారు. స్టీరింగు పట్టిన మీ నాన్నగారి చేతిలో ఏ నరం ఏ వేలికి పోతుందో, ఏ కండరం పిడికిలి బిగిస్తుందో, రేపు తెగిన చేతిని కుట్టబోయే పిల్లలు అక్కడ నేర్చుకుంటారు. ఇప్పుడు చాలాచోట్ల మొదటి రోజు క్లాసులో పిల్లల చేత ప్రమాణం చేయిస్తారు. ఈ దేహం మా తొలి గురువు, గౌరవంగా చూసుకుంటాం అని తల వంచి చెబుతారు. అన్ని కాలేజీల్లోనూ అందరు పిల్లలూ అంతే భక్తిగా ఉంటారని నేను మాటివ్వలేను. అందుకే, వీలు చూసుకుని ఒకసారి ఆ అనాటమీ విభాగానికి వెళ్లి ప్రొఫెసరుగారితో మాట్లాడి రండి. వాళ్లు దేహాన్ని ఎలా చూస్తారో, దాని గురించి ఎలా మాట్లాడతారో స్వయంగా వింటే నా మాటల కన్నా ఎక్కువ తెలుస్తుంది.

ఇక చట్టం. మీరు సాక్షి మాత్రమే. కాగితంలో రాసినట్టు జరగకపోయినా మీ మీద కేసు ఉండదు, కాలేజీ మిమ్మల్ని నిలదీయదు. ఆ పత్రం నాన్నగారు తన కోరిక చెప్పుకున్న కాగితం. ఆయన ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. 1994లో వచ్చిన అవయవ మార్పిడి చట్టం కిడ్నీ, కాలేయం, కళ్ల వంటి వాటిని చికిత్స కోసం ఇవ్వడం గురించి. చదువు కోసం పూర్తి దేహాన్ని ఇవ్వడం అనాటమీ చట్టాల కిందికి వస్తుంది. అవి రాష్ట్రాలవారీగా ఉంటాయి. 1949 నాటి బొంబాయి అనాటమీ చట్టం వాటిలో పాతది. ఈ చట్టాల పునాది చూస్తే మీ నాన్నగారి బాధ ఎంత న్యాయమైనదో అర్థమవుతుంది.

1828లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ఇద్దరు మనుషులు పదహారు మందిని చంపి, ఆ శవాలను అనాటమీ పాఠాలు చెప్పే డాక్టరుకు అమ్ముకున్నారు. ఆ గగ్గోలు తర్వాత బ్రిటన్ 1832లో అనాటమీ చట్టం తెచ్చింది. శవాల దొంగతనం ఆగింది గానీ, అనాథాశ్రమాల్లో, ఆసుపత్రుల్లో దిక్కులేక పోయిన పేదలు ఆ బల్లల మీదికి చేరారు. మన దేశంలోని చట్టాలు కూడా ఎవరూ రాని శవాలను కాలేజీలకు ఇవ్వడానికే ప్రధానంగా పుట్టాయి. బస్సులో పోయిన ఆ ముసలాయన ఆ దారిలోనే వెళ్లాడు. ప్రపంచ అనాటమీ సంఘాల సమాఖ్య 2012లో, సొంతంగా ఇష్టపడి ఇచ్చినవారి దేహాలతోనే చదువు సాగాలని సిఫారసు చేసింది. ఇంగ్లండు, వేల్సులలో ఇప్పుడు 2004 చట్టం ప్రకారం, మనిషి బతికుండగా సాక్షి ముందు రాసి ఇస్తే తప్ప దేహాన్ని కోతకు తీసుకోరు. అక్కడ కుటుంబం కూడా ఆ మనిషి తరఫున సరేననలేదు. మీ నాన్నగారు ఈ పుస్తకాలేవీ చదవకుండానే, అడగకుండా తీసుకోకూడదన్న చోటికే వచ్చారు. ఆయన కోరికను పెద్దవయసు చాదస్తంగా ఎవరైనా తీసిపారేస్తే ఒప్పుకోకండి.

అయితే మన దగ్గర ఆచరణలో జరిగేది వేరు. చట్టం దృష్టిలో శవం ఆస్తి కాదు. ఇల్లూ పొలమూ రాసిచ్చినట్టు దాన్ని వీలునామాతో రాసివ్వలేం. చనిపోయినవారికీ గౌరవం దక్కాలని, రాజ్యాంగంలోని 21వ అధికరణం (జీవించే హక్కు) వారికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1995లో ఒక కేసులో చెప్పింది. కానీ చివరికి కాలేజీకి ఫోను చేసేది, దేహాన్ని అప్పగించేది ఇంట్లోవాళ్లే. ఆ సమయంలో ఒక్కరు గట్టిగా అడ్డం తిరిగినా మామూలుగా కాలేజీలు వెనక్కి తగ్గుతాయి. మీ చేతిలో కాగితం ఉన్నా, ఆ రాత్రి గుమ్మంలో అన్నయ్య వద్దంటే వ్యాను ఖాళీగా వెళ్లిపోవచ్చు.

గొడవ ముదిరితే ఏమవుతుందో కేరళలో అందరూ చూశారు. సీపీఎం సీనియరు నాయకుడు ఎం.ఎం. లారెన్స్ 2024 సెప్టెంబరులో చనిపోయారు. మెడికల్ కాలేజీకి ఇవ్వమని నాన్న నోటితో చెప్పారని కొడుకు, క్రైస్తవ పద్ధతిలో సమాధి చేయాలని కూతురు. ప్రజలు నివాళులర్పిస్తున్న టౌన్ హాల్లోనే తోపులాట జరిగింది. కేరళ చట్టంలో, చివరి జబ్బులో ఉన్న మనిషి ఇద్దరు సాక్షుల ముందు నోటితో చెప్పినా చెల్లుతుందని ఉంది. ఆ ఆధారంతో హైకోర్టు కాలేజీ వైపే తీర్పిచ్చింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు కూతురి పిటిషన్‌ను కొట్టేసింది. అన్నాళ్లూ తండ్రి దేహం తీర్పు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది. కోర్టులో ఎవరు గెలిచినా ఆ తోబుట్టువులు మళ్లీ ఒక ఇంట్లో కూర్చుని అన్నం తింటారా అన్నది నా దిగులు. కేరళ చట్టంలోని మాటలే మన రాష్ట్రంలోనూ ఉంటాయనుకోకండి. మీ కాలేజీ అచ్చేసిన షరతులు తెచ్చుకుని చదవండి.

అందుకే నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇది. నాన్నగారు స్పృహతో, మాటతో ఉన్నారు. ఈ విషయం తేల్చాల్సింది మీరూ అన్నయ్యా కాదు, ఆయనా మీ అమ్మగారూ. "టైమొచ్చినప్పుడు నువ్వే చెప్పు" అని ఆయన మీ మీద పెట్టిన బరువు మోయడం మీ వల్ల కాదు. ఆయన మంచి మనిషే కావచ్చు, కానీ యాభై ఏళ్లు కాపురం చేసిన భార్యకు చెప్పకుండా ఇంత పెద్ద నిర్ణయం చేశారు. ఆవిడ కోపంలో సగం దేహదానం మీద కాదు, తనకు చెప్పకపోవడం మీద అని ఆ ఉత్తరం చదివితే నాకనిపించింది. ఆ కాగితం బీరువాలో దొరక్కుండా ఆయన నోటి వెంట విని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో. మీరు చేయాల్సిందల్లా వాళ్లిద్దరినీ కూర్చోబెట్టడం. ఆ ముసలాయన కథ మీరు చెప్పకండి, నాన్నగారినే చెప్పనివ్వండి. అమ్మగారిని ఏడవనివ్వండి, మధ్యలో సర్దిచెప్పకండి.

అమ్మగారి భయాలు రెండున్నాయి, ఒకటి ఎముకలు, రెండు గతులు. ఎముకల మాట నిజమే. పాఠం పూర్తయ్యాక చాలా కాలేజీలు మిగిలిన భాగాలను తామే ఖననమో దహనమో చేస్తాయి. కొన్నిచోట్ల ఎముకలను బోధన కోసం ఉంచుకుంటారు. చితాభస్మం తిరిగి ఇవ్వడం మన దగ్గర మామూలుగా జరగదు. అదేం లేదమ్మా అని ఆవిడకు అబద్ధం చెప్పొద్దు. బదులుగా కాలేజీని సూటిగా అడగండి: ఎముకలు ఉంచుకోకుండా అంత్యక్రియలు చేస్తారా, ఆ రోజు మాకు కబురు చేస్తారా, అస్థికలు కొంచెం ఇవ్వగలరా. ఒప్పుకున్నదేదో కాగితం మీద తీసుకోండి. ఒప్పుకోకపోతే అది కూడా ముందే తెలుస్తుంది.

గతుల గురించి నాకన్నా మీ పురోహితుడు బాగా చెప్పగలరు. ఏటిలో కొట్టుకుపోయి, యుద్ధంలో పోయి దేహం దొరకనివారికి దర్భలతోనో మోదుగాకులతోనో ప్రతికృతి చేసి, దానికి దహన సంస్కారం జరిపి, పదో రోజు, పన్నెండో రోజు కర్మలన్నీ యథావిధిగా చేయించే పద్ధతి మన సంప్రదాయంలో ఎప్పటి నుంచో ఉంది. అడగడానికి మీరొక్కరే వెళ్లకండి, అమ్మగారినే తీసుకెళ్లి ఆవిడ చేతే అడిగించండి. దేహదానం చేసిన ఇళ్లలో చాలామంది స్నానం చేయించి, కొత్త బట్టలు కట్టి, పూలదండ వేసి, ఇంటి ముందు ఊరి జనమంతా చూశాకే వ్యాను ఎక్కిస్తారు. ఆవిడకు కావాల్సిన ఆఖరి చూపు, ఆఖరి సేవ ఏదీ పోదు. పోయేది చితి ఒక్కటే. ఆ ఒక్కటే ఆవిడకు అన్నిటికన్నా ముఖ్యం కావచ్చు. అప్పుడది చిన్న విషయమని మనం అనకూడదు.

ఇక్కడ ఒక మాట. ఆవిడను ఒప్పించడానికి సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి దేహాన్ని 2024లో ఢిల్లీ ఎయిమ్స్‌కు ఇచ్చారనో, ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా దేహాన్ని హైదరాబాద్ గాంధీ మెడికల్ కాలేజీకి ఇచ్చారనో చెప్పకండి. అవి నిజాలే, గొప్ప విషయాలే. కానీ దేవుణ్ణి నమ్మే మీ అమ్మగారికి అవి పార్టీ వాళ్ల సంగతులుగా వినిపిస్తాయి. వెన్నెముక ఇచ్చిన దధీచి మహర్షి కథ ఆవిడకు మీరు చెప్పక్కర్లేదు, ఆవిడే మీకు చెప్పి ఉంటుంది.

అన్నయ్య పంపిన వార్త నిజమే. హార్వర్డ్ మెడికల్ స్కూల్లో మార్చురీ మేనేజరుగా పనిచేసిన మనిషి దానంగా వచ్చిన దేహాల భాగాలను దొంగిలించి అమ్మాడని 2023లో ఫెడరల్ కేసు పెట్టారు. ఆ ఇళ్లవాళ్ల క్షోభ ఊహించలేం. అన్నయ్య భయాన్ని కొట్టిపారేయకుండా దాన్నే ప్రశ్నలుగా మార్చండి. మా నాన్న దేహం ఇదే కాలేజీలో ఉంటుందా, వేరే కాలేజీకి పంపుతారా? పంపితే మాకు చెబుతారా? అప్పగింత రసీదు ఎవరి సంతకంతో ఇస్తారు? డబ్బు మాట ఎక్కడా రాకూడదు. వ్యాను ఖర్చు తప్ప ఎవరైనా ఇంకో రూపాయి అడిగినా, ఇస్తామన్నా అక్కడితో ఆపేయండి. ఈ ప్రశ్నలు కాలేజీని అడిగే పని అన్నయ్యకే అప్పగించండి. అడ్డుకోవడానికి బదులు కనిపెట్టుకుని ఉండే బాధ్యత చేతికొస్తే మనిషి మెత్తబడతాడు. మెత్తబడకపోయినా, ఎందుకు వద్దంటున్నాడో కాస్త తేటపడుతుంది.

అన్నయ్య అమెరికా నుంచి రావడానికి ఒకటిన్నర రోజు పడుతుందని ఉత్తరంలో రాశారు. దేహం కొద్ది గంటల్లో చేరితేనే మంచిదని కాలేజీలు అంటాయి. ఫ్రీజర్ బాక్సులో ఉంచితే ఎంతసేపటి వరకు తీసుకుంటారో, అన్నయ్య వచ్చేదాకా వాళ్ల శీతల గదిలో పెట్టి, చూశాకే ద్రావణం ఎక్కించే వీలుందో లేదో ముందే కనుక్కోండి. ఆఖరి చూపు దక్కుతుందని తెలిస్తే అతని గొంతు మారవచ్చు.

మాట్లాడుకున్నాక నాకు తోస్తున్న దారులు ఇవి. అమ్మగారు వింటే పూర్తి దేహదానం. అలాగైతే ఇప్పుడు అమ్మా అన్నయ్యా కూడా సమ్మతి సంతకాలు చేస్తే ఆ రాత్రి ఎవరూ ఎవరితోనూ వాదించక్కర్లేదు. రెండోది, నాన్నగారే ఒక మెట్టు దిగి, కళ్లు మాత్రం ఇచ్చి దహనానికి ఒప్పుకోవచ్చు. షుగరున్నా, కంటి ఆపరేషన్ అయినా కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) పనికొస్తుంది. ఆరు గంటలలోపు ఐబ్యాంకు వాళ్లు ఇంటికే వచ్చి అరగంటలో తీసుకుంటారు, ముఖం చెడదు. దేహదానం చేసినా కళ్లు ముందే ఇవ్వవచ్చు కాబట్టి ఈ సంతకం ఇప్పుడే చేయించినా నష్టం లేదు. దీంతో అమ్మగారికి చితి దక్కుతుంది, ఆయనకు ఇచ్చానన్న తృప్తి సగమే మిగులుతుంది. ఆ సగం చాలా లేదా అన్నది ఆయనే చెప్పాలి.

మూడోది కష్టమైనది. అమ్మ ఏడుపంతా విన్నాక కూడా ఆయన, "లేదు, నేనిచ్చేస్తాను" అంటే? నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను: అప్పుడు ఆయన మాటే నిలబడాలి. దేహం ఆయనది, ఆలోచించి ఇచ్చిన మాట ఆయనది. మీరు ఆయన పక్షాన నిలబడి ఇంట్లోవాళ్లకు ఇప్పుడే ఆ సంగతి తెలియనివ్వండి. కానీ ఆ రోజున గుమ్మంలో పోలీసులను పిలిచే స్థితి వస్తే, తల్లి కళ్లెదుట పోట్లాడి శవాన్ని తీసుకెళ్లమని మాత్రం చెప్పలేను. అక్కడ మీరు ఆగిపోతే అది ద్రోహం కాదు. ఈ మాట కూడా నాన్నగారికి ముందే చెప్పండి. "నా చేతనైనంత చేస్తాను, అమ్మను తోసేసి మాత్రం చేయలేను నాన్నా" అంటే ఆయనకు అర్థం కాకపోదు.

నాలుగోది ఎవరి చేతిలోనూ లేదు. కాలేజీయే తీసుకోకపోవచ్చు. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, క్షయ ఉన్నా, పోస్టుమార్టం జరిగినా తీసుకోరు. పాదం పుండు ముదిరి కుళ్లిపోయి గ్యాంగ్రీన్ అయినా, ఆ ఇన్ఫెక్షన్ రక్తానికి పాకినా కాదంటారు. ఇది తెలియక, వ్యాను వెనక్కి పంపిన రోజున ఇళ్లలో పడే అవస్థ అంతా ఇంతా కాదు. అందుకని దహనానికి కావాల్సినవన్నీ కూడా మనసులో అనుకుని ఉంచండి. ఇంట్లోనే జరిగితే మరణ కారణం రాసివ్వడానికి ఆయన్ను చూస్తున్న డాక్టరుతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. కాలేజీకీ ఆ కాగితం కావాలి, ఇరవై ఒక్క రోజుల్లో మరణం నమోదు చేయించడానికీ కావాలి. కాలేజీ ఇచ్చే రసీదు భద్రంగా ఉంచండి. శ్మశానం చీటీ ఉండదు కాబట్టి ఆఫీసుల్లో దాన్నే చూపించాల్సి వస్తుంది. పండక్కి అమ్మగారు వెతికిన ఆ ఎల్ఐసీ బాండ్లకూ మరణ ధ్రువపత్రం కావాలి కదా.

బంధువుల మాటలకు నా దగ్గర మందు లేదు. నాన్నగారు నలుగురిలో తన నోటితో చెబితే "కూతురే చేయించింది" అన్న నింద దానంతటదే రాలిపోతుంది. ఈసారి అన్నయ్య వీడియో కాల్ చేసినప్పుడు మీరు మాట్లాడకండి, ఫోను నాన్నగారి చేతికివ్వండి.